గైడ్ లేకుండా ఆల్ప్స్ నడక: నెల, చోటు ఎలా ఎంచుకోవాలి

ఆల్ప్స్‌లో సొంతంగా నడవాలనుకునేవారు మొదట అడిగేది ‘స్విట్జర్లాండ్ మేలా, ఇటలీ మేలా?’ అని. జవాబు చెప్పేముందు నేను అడిగేది ఒక్కటే: మీ సెలవు ఏ నెలలో? ఆ కొండల్లో నడిచేవారికి దేశాల సరిహద్దుల కంటే మంచు గీత, అంటే ఏ ఎత్తు పైన మంచు ఇంకా కరగలేదో ఆ హద్దు, ముఖ్యం. జూన్ మూడో వారంలో లోయలోని సరస్సులో పిల్లలు ఈత కొడుతుంటారు. అదే రోజు అక్కడికి పదిహేను వందల మీటర్ల పైనున్న కనుమ దగ్గర మోకాలి లోతు మంచు ఉండవచ్చు.

మధ్యధరా తీరం దగ్గర మొదలై స్లోవేనియా దాకా ఆల్ప్స్ విల్లులా వంగి దాదాపు 1,200 కిలోమీటర్లు సాగుతాయి. ఎనిమిది దేశాల్లో పరుచుకున్న ఈ కొండల్లో ఏ వయసువారికైనా, ఏ ఓపికకైనా సరిపడే బాట దొరుకుతుంది. అయితే వెంట గైడ్ లేనప్పుడు ఆ బాటను వెతుక్కోవడమూ మీ పనే, నడిమధ్యలో ముందుకు వెళ్లాలా వెనక్కి తిరగాలా అని తేల్చుకోవడమూ మీ పనే. ఇంట్లో కూర్చుని చేసే ఎంపిక ఎంత బాగుంటే కొండ మీద ఆ రెండో పని అంత తక్కువసార్లు పడుతుంది. నేను పాటించే వరుస ఇది.

1. ముందు నెల తేల్చుకోండి

మే నెలలో సెలవు దొరికితే ఎత్తైన బాటల ఆశ వదులుకోండి. కొండ మీద భోజనం, పడక దొరికే పర్వత విడిదులు తెరిచి ఉండవు. చాలా రోప్‌వేలను వార్షిక మరమ్మతుల కోసం ఆపేస్తారు. పదిహేను వందల మీటర్ల కింద మాత్రం వసంతం నిండుగా ఉంటుంది. ఇటలీ ఉత్తరాన కోమో, మజోరే సరస్సుల పైనున్న బాటలు, దక్షిణ టిరోల్‌లో మెరానో చుట్టూ ఉన్న పాత సాగునీటి కాలువల గట్లు ఈ నెలకు చక్కగా సరిపోతాయి. కాలువ గట్టున నడక దాదాపు సమతలంగా సాగుతుంది. పక్కన నీటి చప్పుడు, కింద ఆపిల్ తోటలు ఉంటాయి.

జూన్ మొదటి సగంలో రెండు వేల మీటర్ల దాకా వెళ్లవచ్చు. నెల మధ్య నుంచి విడిదులు ఒక్కొక్కటిగా తెరుస్తారు. పూల కోసమే వెళ్లేవారికి జూన్ చివరి వారం, జూలై మొదటి వారం మంచివి. కొండవాలు అంతా ఎర్రటి ఆల్పైన్ రోజాలతో నిండుతుంది. పగలు పదిహేను గంటలకు పైగా ఉంటుంది కాబట్టి చీకటి పడుతుందన్న తొందర ఉండదు. చిక్కంతా ఎత్తైన కనుమల దగ్గరే.

జూలై రెండో వారానికి 2,700 మీటర్ల లోపు కనుమలు చాలా ఏళ్లలో నడకకు వీలవుతాయి. అక్కడి నుంచి ఆగస్టు చివరి దాకా అసలైన సీజన్. రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, మధ్యాహ్నం ఉరుములు. పొద్దున ఆకాశం అద్దంలా ఉంటుంది, పదకొండింటికి శిఖరాల మీద దూది పింజల్లాంటి మబ్బులు పుడతాయి, రెండు మూడింటికల్లా పిడుగులు పడవచ్చు. ఈ రెండు నెలల్లో రోజూ ఆరున్నర, ఏడింటికి బయలుదేరి మధ్యాహ్నం రెండింటికల్లా కప్పు కిందికి చేరేలా దారిని కత్తిరించుకోండి. రెండోది జనం. ఆగస్టు 15 ఇటలీలో ఫెర్రగోస్తో పండుగ, ఫ్రాన్స్‌లోనూ సెలవే. ఆ వారం ముందూ వెనకా పేరున్న బాటల్లో పడక దొరకడం కష్టం. మీకు వేరే దారి ఉంటే ఆ పది రోజులూ వదిలేయండి.

నన్నడిగితే సెప్టెంబరు మొదటి రెండు వారాలు ఉత్తమం. ఉరుములు తగ్గుతాయి, గాలి తేటపడి నలభై యాభై కిలోమీటర్ల అవతలి శిఖరాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి, విడిదుల్లో పడకలు సులభంగా దొరుకుతాయి. వేసవి మేత ముగించుకున్న ఆవులను పూలదండలతో, పెద్ద గంటలతో అలంకరించి ఊళ్లోకి దించే వేడుక ఈ నెలలోనే కళ్లబడుతుంది. నెల చివరికి పగలు పన్నెండు గంటలకు కుదించుకుపోతుంది. చాలా విడిదులు సెప్టెంబరు మధ్యలోనో చివర్లోనో మూసేస్తారు. ఒక్క రాత్రిలో కనుమల మీద కొత్త మంచు పడటమూ వింత కాదు.

అక్టోబరులో విడిది నుంచి విడిదికి నడిచే ఆలోచన పెట్టుకోవద్దు. లోయలో ఒక గదిలో ఉండి పగటి నడకలు చేయండి. స్విట్జర్లాండ్‌లోని ఎంగడీన్ లోయకు ఈ నెలలో వెళ్లి చూడండి. అక్కడి లార్చ్ చెట్లు సూదుల్లాంటి ఆకులు రాల్చేముందు కొండ అంతా బంగారు రంగుకు తిరుగుతుంది.

2. దారిలో అన్నిటికంటే ఎత్తైన కనుమను పట్టుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. పది రోజుల దారిలో తొమ్మిది రోజులు సులువుగా ఉండి ఒక్క కనుమ మూసుకుపోయినా యాత్ర అక్కడ తెగిపోతుంది. అందుకని మీకు నచ్చిన బాటను మ్యాప్‌లో తెరిచి, అది ఎక్కే అత్యధిక ఎత్తు ఎంతో రాసుకోండి. తర్వాత ఆ కనుమకు ఉత్తరం వైపు వాలు ఎలా ఉందో చూడండి.

ఉత్తరం వైపు ఎందుకో నాకు అనుభవం మీద తెలిసింది. ఒక జూన్ చివర్లో ఉదయం ఎనిమిదింటికి ఒక కనుమ ఎక్కాను. దక్షిణం వైపు బాట పొడిగా, అంచుల్లో పసుపు పూలతో కొత్తగా ఊడ్చినట్టు ఉంది. కనుమ మీద నిలబడి అవతలికి, ఎండ తక్కువ తగిలే ఉత్తరం వైపుకు చూస్తే బాటే లేదు. రెండు వందల మీటర్ల పొడవున మంచు వాలు, రాత్రి చలికి గట్టిపడి గాజులా మెరుస్తోంది. బూటు మడమతో గట్టిగా తన్నాను. అరంగుళం గుంత కూడా పడలేదు. ఆ వాలు కింద బండరాళ్లలో ముగిసింది. నా దగ్గర మంచు గొడ్డలి లేదు, బూట్లకు కట్టుకునే ముళ్ల పట్టీలూ లేవు. అరగంట అక్కడే కూర్చుని వచ్చిన దారినే దిగిపోయాను. ఆ సాయంత్రం మూడు బస్సులు మారి కనుమ అవతలి ఊరికి చేరాను. అదే కనుమను మూడు వారాల తర్వాత దాటినవారికి అక్కడ మిగిలింది చాప వెడల్పు మంచు మరక మాత్రమే.

కొన్ని కొలతలు చేతిలో ఉంచుకోండి. మోంబ్లా (Mont Blanc) శిఖరం చుట్టూ తిరిగే ప్రసిద్ధ బాటలో ఇటలీ నుంచి స్విట్జర్లాండ్‌లోకి దాటించే గ్రాన్ కోల్ ఫెర్రే ఎత్తు 2,537 మీటర్లు. అదే బాటకు ప్రత్యామ్నాయాలుగా వచ్చే కోల్ దే ఫూర్, ఫెనెత్ర్ దార్పెత్ రెండూ 2,665 మీటర్లు. అంటే జూలై మొదట్లో ప్రధాన దారి దొరికినా ఈ రెండు ప్రత్యామ్నాయాలు మంచుతో ఉండవచ్చు. ఫ్రాన్స్‌లోని షమోనీ నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కు వెళ్లే హోట్ రూట్ నడకదారిలో 2,900 మీటర్ల చుట్టుపక్కల కనుమలు ఒకటికి మించి ఉన్నాయి. దానికి జూలై మధ్యకు ముందు తేదీ పెట్టుకోవద్దు.

వేడి సంగతీ ఇక్కడే లెక్క వేసుకోవచ్చు. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊళ్లో 25 డిగ్రీలున్న మధ్యాహ్నం, ఆ ఊరికి 1,500 మీటర్ల పైనున్న కనుమలో 15 డిగ్రీలే. గాలి వీస్తే ఇంకా చలి.

3. ఒకే చోట ఉండి నడుస్తారా, మజిలీలు మారుస్తూ నడుస్తారా

మొదటిసారి వెళ్లేవారికి ఒకే ఊళ్లో ఉండి రోజుకో దారి నడవడాన్నే నేను సిఫారసు చేస్తాను. వాన పడితే ఆ రోజు ఆగవచ్చు. కాలు నొప్పి పెడితే రోప్‌వే ఎక్కవచ్చు. సంచిలో నీళ్లు, వానకోటు, తిండి ఉంటే చాలు.

మజిలీలు మారుస్తూ నడిచే ఆనందం వేరు. పర్వత విడిదిని జర్మన్‌లో హ్యూటె, ఫ్రెంచ్‌లో రెఫ్యూజ్, ఇటాలియన్‌లో రిఫూజో అంటారు. గుమ్మం దగ్గరే బూట్లు విప్పి అరలో పెట్టి అక్కడి చెప్పులు వేసుకుంటారు. ఆరున్నర, ఏడింటికి అందరికీ ఒకేసారి రాత్రి భోజనం: వేడి సూప్, తర్వాత ఒక ప్రధాన వంటకం, చివర తీపి. బల్ల దగ్గర పక్కనున్నవారు రేపు మీరు వెళ్లబోయే దారిలోంచే వచ్చి ఉంటారు, వారి నోటి మాట ఏ యాప్ కన్నా తాజాగా ఉంటుంది. పదింటికి దీపాలు ఆర్పేస్తారు. పడుకునేది వరుస పరుపుల డార్మిటరీలో. దుప్పటి వాళ్లదే అయినా, లోపల పరుచుకునే పల్చటి పట్టు లేదా నూలు సంచి మీరే తీసుకెళ్లాలి, చాలాచోట్ల అది తప్పనిసరి.

ఈ రెంటికీ మధ్య మార్గం కూడా ఉంది. గదులు, దారి వివరాలు, మీ పెద్ద సంచిని ఊరి నుంచి ఊరికి చేర్చే ఏర్పాటు అన్నీ ఒక సంస్థ చూస్తుంది, నడక మాత్రం మీదే. ఖర్చు ఎక్కువైనా బరువు మోయలేనివారికి ఇది తగిన పద్ధతి. దారి ఎత్తైన విడిదుల గుండా పోతే సంచి అక్కడికి రాదని మాత్రం ముందే తెలుసుకోండి.

4. మీ కాళ్లతో లెక్క సరిచూసుకోండి

కిలోమీటర్లను చూసి మోసపోకండి. ఆల్ప్స్‌లో పన్నెండు కిలోమీటర్లు మూడు గంటల నడకా కావచ్చు, ఏడు గంటల నడకా కావచ్చు. జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో వాడే లెక్క ఇది: గంటకు 300 మీటర్లు ఎక్కడం, 500 మీటర్లు దిగడం, సమతలంలో 4 కిలోమీటర్లు. ఎక్కి దిగే సమయం ఒకవైపు, దూరానికి పట్టే సమయం ఒకవైపు వేసి, పెద్ద అంకెకు చిన్న అంకెలో సగం కలపాలి.

ఉదాహరణకు 12 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు, 600 మీటర్ల దిగుడు ఉన్న రోజు తీసుకోండి. ఎక్కడానికి 3 గంటలు, దిగడానికి 1.2 గంటలు, మొత్తం 4.2. దూరానికి 3 గంటలు. 4.2కు ఒకటిన్నర కలిపితే 5.7 గంటలు. ఇందులో తినడం, ఫోటోలు, ఊపిరి తీసుకోవడం లేవు. అంటే పొద్దున ఏడింటికి బయలుదేరినా చేరేసరికి రెండు దాటుతుంది. స్విట్జర్లాండ్ పసుపు బోర్డుల మీద రాసే సమయాల్లో కూడా విరామాలు ఉండవు.

మొదటి యాత్రకు రోజుకు 800 మీటర్ల ఎక్కుడు మించకుండా చూసుకోండి. దిగుడును తేలిగ్గా తీసుకోవద్దు. మోకాళ్లను దెబ్బతీసేది అదే. మొదటి రోజే 1,200 మీటర్లు దిగితే మూడో రోజు మెట్లు దిగడమే కష్టమవుతుంది. చేతికర్రలు రెండూ వెంట తీసుకెళ్లండి.

5. బాట స్థాయి చదవడం నేర్చుకోండి

స్విట్జర్లాండ్‌లో పసుపు గుర్తు సాధారణ నడకదారి. తెలుపు-ఎరుపు-తెలుపు గీతలు కొండ బాట: అడుగు నిలకడ, ఎత్తుకు భయపడని మనసు కావాలి. తెలుపు-నీలం-తెలుపు గీతలు కనిపిస్తే అది పర్వతారోహకుల దారి, మంచు లేదా రాతి మీద చేతులు వాడాల్సిన చోట్లుంటాయి. అక్కడ ఆగిపోండి. ఆస్ట్రియాలో ఎరుపు చుక్క మధ్యస్థం, నలుపు చుక్క కష్టం. ఇటలీ మ్యాపుల్లో ‘ఇ’ (E) అక్షరం మామూలు హైకర్లకు, రెండు ‘ఇ’లు అనుభవజ్ఞులకు. ఫ్రాన్స్‌లో తెలుపు-ఎరుపు గీతలు దూరపు బాటను సూచిస్తాయి తప్ప కష్టాన్ని చెప్పవు. ఈ తేడా తెలియక తికమకపడేవారు చాలామంది.

6. ఇప్పుడు చోటు

ఇంతదాకా వచ్చాక చోటు ఎంచుకోవడం తేలికవుతుంది.

ఒకే చోట ఉండి నడవాలంటే స్విట్జర్లాండ్‌లోని బెర్నీజ్ ఓబర్‌లాండ్‌కు సాటి తక్కువ. లౌటర్‌బ్రునెన్, వెంగెన్, మ్యూరెన్, గ్రిండెల్‌వాల్డ్ ఊళ్లలో ఎక్కడున్నా రైలో రోప్‌వేయో మిమ్మల్ని పైకి చేరుస్తుంది. పళ్ల చక్రాల రైల్లో 1,967 మీటర్ల షినిగె ప్లాట్టెకు వెళ్లి, 2,681 మీటర్ల ఫౌల్‌హోర్న్ మీదుగా ఫిర్స్ట్‌కు నడిచే ఒక్క రోజు దారి కోసమే అక్కడికి వెళ్లవచ్చు. ఒకవైపు సరస్సులు, మరోవైపు ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రౌ శిఖరాలు వరుసగా నిలబడి ఉంటాయి. ఆల్ప్స్ దేశాల్లో అన్నిటికంటే ఖరీదైనది స్విట్జర్లాండే, చెల్లించాల్సింది ఫ్రాంకుల్లో.

ఖర్చు తగ్గాలంటే ఆస్ట్రియాలోని టిరోల్ చూడండి. జిల్లర్‌టాల్, స్టుబాయ్ లోయల్లో విడిదుల వరుస బాగుంటుంది. స్టుబాయ్ ఎత్తైన బాట లోయను చుట్టి వస్తుంది కాబట్టి అలసిపోయిన రోజున దాదాపు ప్రతి విడిది నుంచీ కిందికి దిగిపోయే దారి ఉంది. సొంతంగా నడిచేవారికి ఇది పెద్ద భరోసా. దాన్ని సులువైన బాటగా మాత్రం భావించవద్దు, అందులో ఇనుప తాళ్లు పట్టుకుని నడిచే చోట్లున్నాయి. టిరోల్‌లోనూ, ఇటలీకి చెందిన దక్షిణ టిరోల్‌లోనూ చాలా ఊళ్లలో బస చేసినవారికి అతిథి కార్డు ఇస్తారు. దానితో స్థానిక బస్సులు ఉచితం.

విడిది నుంచి విడిదికి మొదటిసారి నడిచేవారికి ఇటలీలోని డోలమైట్స్ కొండల్లో ఆల్టా వియా 1 అనే బాట మంచిది. బ్రాయెస్ సరస్సు దగ్గర మొదలై దాదాపు 120 కిలోమీటర్లు దక్షిణంగా సాగుతుంది. సున్నపురాతి గోడలు సాయంత్రం గులాబీ రంగుకు తిరిగే దృశ్యం చూసినవారు మళ్లీ అక్కడికి వెళ్లకుండా ఉండలేరు. మోంబ్లా చుట్టు బాట దాదాపు 170 కిలోమీటర్లు, మొత్తం మీద పది వేల మీటర్ల ఎక్కుడు, పది పదకొండు రోజులు. అంత సెలవు లేకపోతే సగమే నడవండి. ఫ్రాన్స్‌లోని లేజూష్ నుంచి ఇటలీలోని కూర్మయోర్ దాకా వచ్చి, మోంబ్లా సొరంగం గుండా బస్సులో షమోనీకి తిరిగి రావచ్చు. అయితే 2024లోనూ 2025లోనూ సెప్టెంబరు మొదట్లోనే ఆ సొరంగాన్ని మరమ్మతుల కోసం మూసి డిసెంబరులో తెరిచారు. శరదృతువులో వెళ్లేవారు తేదీలు చూసుకోకపోతే తిరుగు ప్రయాణం చిక్కులో పడుతుంది.

జనం లేని చోటు కావాలా? ఫ్రాన్స్‌లోని కేరాస్ లోయలు పొడిగా, ఎండగా ఉంటాయి. స్లోవేనియాలో త్రిగ్లావ్ జాతీయ వనంలోని ఏడు సరస్సుల లోయ నాకు చాలా ఇష్టం. 2,864 మీటర్ల త్రిగ్లావ్ శిఖరం మాత్రం ఇనుప తాళ్లు, మేకుల దారి, దాన్ని వేరే యాత్రకు ఉంచుకోండి.

వాన భయం ఎక్కువగా ఉన్నవారికి ఒక మాట. ఆల్ప్స్ ఉత్తరపు అంచున వానలు ఎక్కువ. చుట్టూ ఎత్తైన కొండల మధ్య ఇరుక్కున్న లోపలి లోయలు, అంటే స్విట్జర్లాండ్‌లోని వాలె, ఎంగడీన్, దక్షిణ టిరోల్‌లోని విన్ష్‌గౌ, కేరాస్ లాంటివి పొడిగా ఉంటాయి. మబ్బులు తమ నీటిని బయటి కొండల మీదే దించేసి లోపలికి వస్తాయి.

7. బుకింగ్, వీసా, బీమా

మోంబ్లా చుట్టు బాట, డోలమైట్స్ విడిదులకు అంతకుముందు శరదృతువు నుంచే రిజర్వేషన్లు మొదలుపెట్టండి. వరుసలో అన్నిటికంటే చిన్న విడిదిని ముందు బుక్ చేసి, దాని తేదీకి మిగతావి సర్దుకోండి. ఈ దేశాల్లో తిరగడానికి షెంగెన్ వీసా కావాల్సినవారు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆ బీమా హెలికాప్టర్ రక్షణకు, మీరు వెళ్లే ఎత్తుకు వర్తిస్తుందో లేదో పాలసీ తెరిచి చదవండి. ఏదో ఒక ఆల్పైన్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుంటే పరస్పర ఒప్పందాలున్న దేశాల విడిదుల్లో పడక ధర తగ్గుతుంది. నగదు కొంత ఉంచుకోండి, అన్నిచోట్లా కార్డు పనిచేయదు.

8. బయలుదేరే వారంలో

విడిదుల వెబ్‌క్యామ్‌లు చూడండి. కనుమ పేరు చెప్పి, అక్కడికి దగ్గరి విడిదికి ఫోను చేసి మంచు ఎంత ఉందో అడగండి. బాటల మూసివేత ప్రకటనలు తప్పకుండా చదవండి. కొండలు ఇప్పుడు వేగంగా మారుతున్నాయి. 2022 జూలై 3న డోలమైట్స్‌లోని మర్మొలాడా హిమానీనదం విరిగిపడి 11 మంది చనిపోయారు. 2025 మే 28న బిర్చ్ హిమానీనదం కూలి స్విట్జర్లాండ్‌లోని బ్లాటెన్ ఊరిని కప్పేసింది. నిరుడు నడిచినవారు చెప్పిన దారి ఈ ఏడాది ఉండకపోవచ్చు.

1:25,000 స్కేలు మ్యాప్‌ను ఫోనులో దించుకుని, కాగితం మీద కూడా ఒకటి ఉంచుకోండి. ప్రతి రోజు దారికి పక్కన, ఎక్కడి నుంచి లోయలోకి దిగిపోవచ్చో పెన్సిలుతో గీసుకోండి. అత్యవసర నంబరు 112. ఫోను అందకపోతే ఈలతోగానీ టార్చితోగానీ నిమిషానికి ఆరు సంకేతాలు ఇవ్వాలి, ఒక నిమిషం ఆగి మళ్లీ ఇవ్వాలి. ఫ్రాన్స్‌లోనూ, వాలెలోనూ గొర్రెల మందల దగ్గర పెద్ద తెల్ల కుక్కలు ఎదురైతే పరుగెత్తవద్దు, కర్ర ఎత్తవద్దు, మందను దూరంగా చుట్టి వెళ్లండి.

వాతావరణం తిరగబడి వెనక్కి రావాల్సి వస్తే ఆ రాత్రికి పడక చెప్పి ఉంచిన విడిదికి ఫోను చేయడం మాత్రం మరవకండి. అక్కడి నిర్వాహకులు సాయంత్రం భోజనానికి ముందు జాబితా పట్టుకుని పేర్లు సరిచూస్తారు. మీ పేరు దగ్గర ఎవరూ పలకకపోతే వెతకడానికి మనుషులను పంపాలా అని ఆలోచించాల్సింది వాళ్లే.